మూతకు కీలు ప్రాణం
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడవలసినదిగా నన్ను కోరినప్పుడు, పాఠశాల చరిత్రను గురించియో మాతృభాషలో విద్యాబోధనను గురించియో నాలుగు మాటలు చెబుతానని నిర్వాహకులు భావించి ఉంటారు. ఆ విషయాలను నాకంటె చక్కగా చెప్పగల పెద్దలు ఈ వేదిక మీదనే ఉన్నారు. నేను ముప్పై ఏండ్లకు పైగా విద్యుత్ రక్షణ పరికరాల తయారీలో పని చేసినవాడను. అందులోను నా వంతుకు వచ్చినది పెట్టెలు, వాటి మూతలు, ఆ మూతల కీళ్ళు. కనుక నేడు కీలును గురించి మాట్లాడతాను. నవ్వుకొనేవారు నవ్వుకొనవచ్చును. అయితే దీనికి ఒక కారణమున్నది. జూబిలీ నిధితో మన పాత భవనానికి కొత్తగా వైరింగు చేయించాలని పూర్వ విద్యార్థులు తలపెట్టినారు. ఆ అంచనా పట్టికను చూస్తూ మిత్రులొకరు నన్ను సూటిగా ఒక ప్రశ్న అడిగినారు: "లోపల పెట్టే సామాను రెండింటిలోనూ ఒకటే గదా, పై పెట్టెకు ఇంత ఎక్కువ డబ్బు ఎందుకండీ?" ప్రశ్న న్యాయమైనది. నలుగురిచ్చిన సొమ్ము ఖర్చు పెట్టేవారు అడగవలసిన ప్రశ్నే. ఆనాడు నిలబడి రెండు ముక్కలలో చెప్పలేకపోయిన జవాబును ఈనాడు తీరికగా చెప్పనివ్వండి.

"కీలు" అన్నమాట ఈ ప్రాంతంలో మనకూ, మన పక్కింటి తమిళులకూ ఉమ్మడి సొత్తు. తలుపు కీలును వారును అదే మాటతో పిలుస్తారు. మన కీళ్ళవాతం వారికీ దాదాపు అదే మాట. మడతబందు అని కూడ అంటాము. ఇనుప కీలు ఇంటింటికీ రాకముందు, పాత ఇండ్లలో, గుడులలో, తలుపు చెక్కకే పైనా క్రిందా మొనలు తీసి ద్వారబంధపు గుంతలలో నిలిపేవారు. మొన అయినా, ఇనుప కీలైనా చేసే పని ఒక్కటే. తలుపు కదలాలి, కాని తన చోటు విడిచి పోరాదు. మొదటి సగం అందరికీ గుర్తుంటుంది. నేను మాట్లాడబోయేది రెండవ సగాన్ని గురించి.

మూత ఎందుకో ముందు చెప్పుకొందాము. గుడియాత్తంలో పెరిగినవారికి ఇది అగ్గిపెట్టెతో చెబితే సులువుగా తెలుస్తుంది. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టిలతోపాటు మన ఊరికీ అగ్గిపెట్టెల ఊరని పేరు. మనవారి పెట్టెల మీద సేఫ్టీ మ్యాచెస్ అని అచ్చువేసి ఉంటుంది గదా, ఆ సేఫ్టీ ఎక్కడున్నది? పుల్ల తలలో పొటాషియం క్లోరేటు ఉంటుంది. పెట్టె పక్కనున్న గరుకు పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. ఈ రెండింటినీ ఇలా విడదీయవచ్చునని 1844లో స్వీడన్ దేశపు రసాయన శాస్త్రవేత్త గుస్టాఫ్ ఎరిక్ పాష్ చూపినాడు. అంతకుముందు అన్నీ పుల్ల తలలోనే ఉండేవి. ఏ గోడకు రాచినా మండేది, జేబులోనూ మండేది. కలిస్తే ప్రమాదమైన రెండింటిని విడిగా ఉంచడమే అక్కడి భద్రత. విద్యుత్ పెట్టె మూత పని కూడ అదే. ఒక వైపున 230 వోల్టుల రాగి, మరొక వైపున మన చేయి. ఈ రెండూ కలుసుకోరాదు.

ఈ ఎడబాటును పరీక్షించడానికి మా వృత్తిలో ఒక ఇనుప వేలు ఉన్నది. మందం 12 మిల్లీమీటర్లు, పొడవు 80 మిల్లీమీటర్లు, మధ్యలో రెండు కీళ్ళు. మనిషి వేలివలెనే వంగుతుంది. పెట్టెలోని ప్రతి సందులోనూ దానిని దూర్చి చూస్తారు. కరెంటు ఉన్న లోహానికి అది అందితే ఆ పెట్టె పనికిరాదు. పిల్లల వేళ్ళ కొలతలతో చేసిన సన్నని వేళ్ళు కూడ ఉన్నవి. పెట్టెల మీద ఐ.పి. అని వ్రాసి రెండంకెలు వేస్తారు, మీరు చూసే ఉంటారు. మొదటి అంకె లోపలికి చొరబడే గట్టి వస్తువులకు, రెండవది నీటికి సంబంధించినవి. ఐ.పి. 43 అంటే, ఒక మిల్లీమీటరు తీగ కూడ లోపలికి పోదు. నిట్టనిలువు నుండి 60 డిగ్రీల వాలు వరకు చిమ్మిన జల్లు లోపలి సామానుకు హాని చేయదు. అయితే ఈ అంకెలన్నీ మూత వేసి ఉన్నప్పుడు కొలిచినవి. మూత తీసి పక్కన పెట్టిన పెట్టెకు ఏ అంకె వేస్తారు?

ఇక్కడికి వస్తే మన పవర్‌లూమ్ షెడ్లు గుర్తుకు రాక మానవు. లుంగీలు నేసే ఊరు మనది. మగ్గం ఆడినంతసేపూ నూలు దుమ్ము గాలిలో తేలుతూ ఉంటుంది. మూత లేని స్విచ్చిలో అది దూదిపొరలాగా పేరుకొంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. బల్లులు మరీ విచిత్రం. వెచ్చదనానికి లోపల చేరి రెండు కమ్మీల మధ్య అడ్డం పడతాయి. బల్లి పోతుంది, ఫ్యూజు పోతుంది, ఆ పూట కూలి పోతుంది.

ఒక షెడ్డులో నేను చూసిన మూత కథ చెబుతాను. యజమాని పేరు, ఊరు వద్దు. మూడు ఫేజుల ఫ్యూజుల పెట్టె. దాని మూతకు కీలు లేదు. నాలుగు మూలల నాలుగు స్క్రూలు. బిగించిన నాడు నాలుగూ ఉన్నవి. మొదటిసారి ఫ్యూజు పోయినప్పుడు వచ్చిన పనివాడు రెండు బిగించి, రెండు జేబులో వేసుకొని పోయినాడు. మరుసటిసారి ఒకటే మిగిలినది. మూత గడియారపు లోలకంవలె ఒంటి స్క్రూ మీద ఊగినది. ఆ తరువాత మూత మగ్గం మీద చేరి, దాని మీద నూలు కండెలు పెట్టుకొన్నారు. పెట్టె నోరు తెరచుకొనియే ఉన్నది. ఒక వర్షాకాలపు సాయంత్రం, తడిసిన చేతితో గోడ పట్టుకోబోయిన పదిహేడేండ్ల కుర్రవాని వేళ్ళు అందులో పడినవి. పక్కనున్న ముసలాయన మెయిన్ స్విచ్ ఆపినందువల్ల బ్రతికినాడు. కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం నేటికీ సరిగా వంగవు. ఆ పిల్లవాడు నేతపని మానివేసినాడు.

ఆ పనివాణ్ణి తిట్టడం తేలిక. కాని ఒకసారి ఆలోచించండి. చీకటిలో, ఒక చేతిలో టార్చి, నోటిలో స్క్రూడ్రైవరు, పక్కన "ఎంతసేపయ్యా" అని అరిచే యజమాని. అటువంటి వేళ మూతను ఎక్కడ పెట్టాలి? నేల మీద. స్క్రూలను? చీకటిలో ఎక్కడో. మా విద్యలో దీనికి చెప్పే పరిహారం మనిషికి బుద్ధులు చెప్పడం కాదు. మూతను పెట్టె నుండి వేరుచేయ వీలులేకుండా కట్టిపడవేయడం. "కీలెరిగి వాత పెట్టాలి" అని మన పెద్దలన్నది మరొక సందర్భంలో గాని, ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

అట్లని కీలున్న తలుపు ఒక్కటే చాలునని అనుకోరాదు. ఇది ముఖ్యమైన విషయం; అమ్మేవారు దీనిని సరిగా చెప్పరు. కరెంటు ఉన్న రాగిని కప్పే మూతను, పనిముట్టు లేకుండా ఎవరుబడితే వారు తీయగలిగితే అది రక్షణ కాదు. స్క్రూడ్రైవరో తాళంచెవియో ఉంటేనే రావాలి. లేదా కరెంటు ఆపితేనే తెరచుకోవాలి. మరి మీట వేయడానికీ దించడానికీ రోజూ చేయి పెట్టవలసిన చోట ఏమి చేయాలి? దానికి రెండు పొరలు. లోపలి పలక స్క్రూలతో బిగించి ఉంటుంది. అందులోని గాడి గుండా ఎం.సి.బి.ల మీటలు మాత్రం తలలు బయట పెడతాయి. దాని మీద కీళ్ళతో తిరిగే వెలుపలి తలుపు. బజారులో దీనినే డబుల్ డోర్ డి.బి. అంటారు. మిత్రులు ఎక్కువ ధర అన్నది దీనికే. మీట పైకెత్తడానికి ఇంటిలోనివారు వెలుపలి తలుపు తీస్తారు. లోపలి పలక జోలికి ఎవరూ పోనవసరం లేదు. వైర్‌మ్యాన్ ఏడాదికొకసారి దానిని విప్పితే విప్పుతాడు, పగటివేళ, తీరికగా. స్క్రూ ఉండవలసినచోట స్క్రూ, కీలు ఉండవలసినచోట కీలు.

"కరెంటు ఆపితేనే తెరచుకోవాలి" అన్నాను గదా, ఆ పద్ధతి మనకు కొత్తది కాదు. 1954లో కామరాజ్ గారు ముఖ్యమంత్రి పదవి చేపట్టి మన గుడియాత్తం ఉప ఎన్నికలోనే గెలిచి శాసనసభకు వెళ్ళినారు. ఆ పాలనా కాలంలో మద్రాసు రాష్ట్రమంతటా పల్లెలకు, వ్యవసాయపు బావులకు కరెంటు ప్రాకినది. 1957 జూలై 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడినది. ఆ కరెంటుతోపాటు ఇనుప పెట్టె మెయిన్ స్విచ్‌లు వచ్చినవి. పక్కన బరువైన పిడి ఉండేది, జ్ఞాపకమున్నదా? పిడి పైకెత్తి ఉన్నంతసేపు లోపలి కొక్కెము ఒకటి మూతను పట్టుకొని ఉంటుంది. పిడి దించితేనే మూత కీలు మీద తెరచుకొంటుంది. మూత తెరచి ఉండగా పిడి వేయబోతే, మామూలుగా పడదు. మూతకూ మీటకూ మధ్యనున్న ఈ ఒప్పందం, కీలు మూతను ఎప్పుడూ ఒకే దారిలో నడిపించినందువల్లనే సాధ్యమైనది. ఎటుబడితే అటు ఊడివచ్చే మూతకు కొక్కెము ఎక్కడ తగిలిస్తారు? నా చిన్ననాటి ఆ ఇనుప పెట్టెలలో ఎన్నింటికో కీళ్ళు తుప్పు పట్టి విరిగినవి. వాటితోపాటే ఒప్పందమూ తెగినది. మూతలను లుంగీ అంచు పేలికతో కట్టి ఉంచిన ఇండ్లు నేటికీ లేకపోలేదు.

ఇక కీలు ఏ వైపున ఉండాలి? చూడడానికి చిన్న ప్రశ్న. నా ఉద్యోగ జీవితంలో అత్యధిక వాదోపవాదాలు దీని మీదనే జరిగినవి. పైన కీలు పెడితే తలుపు తన బరువుతో తానే మూసుకొంటుంది. వానకు బయటనుండే ప్లగ్ సాకెట్టుకు అదే తగినది. స్ప్రింగు కూడ తోడైతే ఇక మూయడం మనిషి పని కానే కాదు, నీరు పై నుండి జారిపోతుంది. కాని అదే పైకీలును ఇంటిలోని డి.బి.కి పెడితే, ఒక చేతితో తలుపు ఎత్తి పట్టుకొని, రెండవ చేతితో మీట వెతకాలి. టార్చి ఎవరు పట్టాలి? మూడవ చెయ్యి దేవుడు ఇవ్వలేదు. అందుకని ఎత్తిన తలుపు తనంతట తాను నిలిచేటట్టు కీలులో ఒక పట్టు పెడతారు. అది అరిగిన నాడు తలుపు వేళ్ళ మీద పడుతుంది. క్రింద కీలు పెడితే తలుపు నాలుకవలె వ్రేలాడుతుంది. మూసేవారుండరు, పైగా దుమ్మంతా దానిలోనే. ఇండ్లకు, పాఠశాలలకు పక్క కీలే మేలని నా అభిప్రాయం. తెరచిన చోట నిలిచి ఉంటుంది, రెండు చేతులూ పనికి మిగులుతాయి. ఒక్క షరతు: పెట్టె పక్కన గోడ మూల ఉన్నదా, బీరువా ఉన్నదా చూసుకోవాలి. గోడ ఎడమవైపున ఉంటే కీళ్ళు ఎడమనే ఉండి తలుపు గోడవైపుకు తిరుగుతుందని చాలామంది అనుకొంటారు. అలా చేస్తే తలుపు సగంలోనే గోడకు తగిలి ఆగుతుంది. బలవంతం చేసినవారు కీలు వంచుతారు. తొంబై డిగ్రీలకంటె బాగా ఎక్కువ తెరచుకొనే వైపునే కీలు ఉండాలి.

పదార్థం సంగతి కొంచెం చెప్పాలి. వేలూరు ఎండ మీకు చెప్పనక్కరలేదు. వేసవిలో నలభై డిగ్రీలు దాటడం మనకు వింత కాదు. టిఫిన్ డబ్బాలకు, షాంపూ సీసాలకు మూతా ఒళ్ళూ ఒకే అచ్చులో పోసి, మధ్య కాగితమంత పలుచని మడత వదలిపెడతారు. అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. సరిగా చేసిన మడత లక్షలసార్లు వంగినా తెగదు. చూడముచ్చటైన కీలు. కాని తగిన మందు కలపని పాలీప్రొపిలీన్ ఎండకు పెళుసెక్కి, ఒకనాడు చిటుక్కుమంటుంది. అద్దంలా కనిపించే పాలీకార్బొనేటు మూత దెబ్బకు గట్టిదే. అయితే రంగులు వేసేవారు థిన్నరు గుడ్డతో తుడిస్తే కీలు దగ్గర సన్నని పగుళ్ళు వస్తాయి. దసరాకు ఇండ్లకు సున్నాలు, రంగులు వేసేటప్పుడు దీనిని గమనించండి. మంటకు ఓర్చుకోవడం మరొక పరీక్ష. ఎర్రగా కాల్చిన తీగను ప్లాస్టిక్‌కు ఆనించి చూస్తారు; కరెంటు భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్‌కు 960 డిగ్రీలు, మిగిలిన వాటికి 650.

ఇనుప పెట్టె అయితే తుప్పు శత్రువు. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోళ్ళ పరిశ్రమలలో పనిచేసిన మిత్రులకు ఉప్పు తేమ ఏమి చేస్తుందో తెలుసును. అక్కడ ఇత్తడి సీల వేస్తే తుప్పు పట్టదు గదా అంటారు. సీల తుప్పు పట్టదు, నిజమే. కాని తడి ఉప్పులో ఇత్తడిని ఆనుకొని ఉన్న ఇనుప రేకు మరింత వేగంగా తినివేయబడుతుంది. సీలా, దాని చుట్టూ ఉన్న రేకూ ఒకే జాతివి కావడం మేలు. స్టెయిన్‌లెస్ ఉక్కు అయితే రెండూ అదే కావాలి. సీలను బయటినుండి తట్టి ఊడదీయ వీలుండరాదు. సీలు వేసిన మీటరు పెట్టెకు సీలు ముందు భద్రంగా ఉండగా, వెనుక కీలు సీలను పీకి తలుపు తెరచే చమత్కారులు ఉంటారు. అందుకే మంచి పెట్టెలకు కీలు లోపల దాగి ఉంటుంది. తలుపు తెరచినప్పుడు మాత్రమే పైకెత్తి తీయవచ్చును. మూసి ఉన్నప్పుడు పై చట్రం అడ్డుపడుతుంది.

విద్యార్థులకు ఒక మాట. ఇనుప తలుపుకు ఎర్తు ఎట్లా చేరుతుంది? మామూలు ఇనుప కీలు గుండా చేరుతుందని నియమాలు ఒప్పుకొంటాయి, తలుపు మీద ఏ విద్యుత్ వస్తువూ లేనంతవరకు. తలుపుకు ఒక సూచిక దీపమో, మీటరో, స్విచ్చో బిగించినారా, ఇక కీలును నమ్మరాదు. కీలులో రంగు ఉంటుంది, గ్రీజు ఉంటుంది, తుప్పు ఉంటుంది. వేరుగా ఒక రాగి జడతీగ వేయాలి. ఆ దీపానికి పోయే వైర్లు కూడ కీలును దాటాలి గదా. వాటిని అడ్డంగా దాటిస్తే తలుపు తెరచిన ప్రతిసారీ ఒకే చోట మడతపడి, లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. అదే వైరును కీలు వెంబడి నిలువునా కొంత దూరం నడిపి, తరువాత తలుపు మీదికి మళ్ళిస్తే, వైరు మడతపడదు. ఆ పొడవంతా కొద్దికొద్దిగా మెలిపడుతుంది. మెలికకు వైరు ఓర్చుకొంటుంది. మీ సైకిలు బ్రేకు తీగతో ఇంటివద్ద పరీక్షించి చూడండి: ఒక్క పోగును ఒకే చోట వంచితే ఎన్నిసార్లకు తెగుతుందో, పొడుగునా మెలితిప్పితే ఎన్నిసార్లు ఓర్చుకొంటుందో.

పెట్రోలు ఆవిరి, గని వాయువు ఉండే చోట్ల వాడే బరువైన పెట్టెలకు కీలు వదులుగా ఉంటుంది. బిగువుగా ఉండాలి గదా అని కొత్తవారు ఆశ్చర్యపోతారు. అక్కడ లోపల ప్రేలుడు జరిగినా మంట బయటికి రాకుండా ఆపేది మూతకూ పెట్టెకూ మధ్యనున్న నున్నని అంచులు. అవి ఒకదానిపై ఒకటి సమంగా కూర్చోవాలి. కీలు బిగువైతే ఒక పక్క ఎత్తిపట్టి సందు చేస్తుంది. అందుకే అక్కడ కీలు మూత బరువు మోస్తుంది, అంతే. కూర్చుండబెట్టే పని బోల్టులది. తన పని ఎంతవరకో తెలిసిన కీలు అది. నాకు చాలా ఇష్టమైనది.

ఇప్పుడు మన పాఠశాలకు అతి దగ్గరి సంగతి. కొత్త వైరింగులో ఆర్.సి.సి.బి. అనే పరికరం ఉంటుంది. వెళ్ళిన కరెంటూ తిరిగివచ్చిన కరెంటూ సమానమేనా అని అది ఎల్లప్పుడూ తూచి చూస్తూ ఉంటుంది. ఎవరి శరీరం గుండానైనా నేలలోకి కారిపోతే తేడా కనిపెట్టి సరఫరా ఆపివేస్తుంది. మనుషుల రక్షణకు వాడేది 30 మిల్లీ ఆంపియర్లది. అంటే ఆంపియరులో ముప్పై మూడవ వంతు. ఆ తేడాకు 0.3 సెకండులోపల ఆగాలి. తేడా చాలా పెద్దదైతే 0.04 సెకండులోపలనే. అమెరికాలో చార్లెస్ డాల్జియల్ అనే ఆచార్యుడు, ఎంత కరెంటు పట్టుకొంటే మనిషి వదలించుకోలేడో ఓర్పుగా కొలిచి, 1961లో ఇటువంటి పరికరాన్ని రూపొందించినాడు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోను, తిరిగి 2023లోను వెలువరించిన భద్రతా నిబంధనలలో ఎర్తు లీకేజీ రక్షణకు చోటున్నది.

ఈ పరికరం ముఖాన 'టి' అక్షరమున్న మీట ఒకటి ఉంటుంది. దానిని అప్పుడప్పుడు నొక్కి చూడాలి. నొక్కితే కరెంటు పోవాలి. లోపలి యంత్రం ఏండ్ల తరబడి కదలకపోతే బిగుసుకుపోవచ్చును. కావలసిన క్షణాన అది కదలకపోతే గోడ మీద అలంకారమే. కాని ఆ మీట ఎక్కడున్నది? వెలుపలి తలుపు వెనుక. ఆ తలుపు కీలు కిరకిరలాడుతూ, గడియ మొరాయిస్తూ ఉంటే నొక్కేవారెవరు? నేను చూసిన ఎన్నో ఇండ్లలో ఆ మీటను బిగించిన నాటి నుండి ఎవరూ నొక్కలేదు. అడిగితే "తలుపు రాదండీ" అన్నారు. కీలు మంచిదైతే పరీక్ష జరుగుతుంది; పరీక్ష జరిగితే పరికరం బ్రతికి ఉంటుంది. మిత్రుల ప్రశ్నకు నా జవాబు ప్రధానంగా ఇదే. లోపలి సామాను రెండు పెట్టెలలోనూ ఒకటే, నిజమే. ఇరవై ఏండ్ల తరువాత ఒకటిగా ఉండదు.

తలుపు తీయడానికి ఎంత బలం కావాలి అన్నది కూడ డిజైనులోని మాటే. మన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1940ల చివరి సంవత్సరాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు ఆరంభించి, వంకరబోయిన వేళ్ళను తిరిగి పని చేయించినారు. నొప్పి తెలియని చేయి తానెంత బలం వాడుతున్నదో తెలియక గాయపడుతుందని ఆయన లోకానికి చూపినారు. మొండి మూత మామూలు చేతిని కూడ అట్లాగే చేస్తుంది. గుంజి గుంజి లాగితే, వచ్చిన క్షణాన చేయి అదుపు తప్పి ఎక్కడికి పోతుందో చెప్పలేము. కీళ్ళవాతమున్న అవ్వ ఒంటి వేలితో తీయగలిగినది, నాలుగేండ్ల మనుమడికి అందనిది మంచి పెట్టె. రెండవది ఎత్తు చూసుకొంటుంది.

ఎత్తు అనగానే 2021 నవంబరు తలపుకు వస్తుంది. మోర్ధానా జలాశయం నిండి కౌండిన్య నది పొంగిన ఆ రోజులలో, పల్లపు వీధులలోని ఇండ్లలోకి నీరు వచ్చినది. ఎంత మంచి తలుపైనా మునిగిన పెట్టెను కాపాడదు. మునిగినదానిని ఆరబెట్టి వాడుకోవడం కాదు, మార్చడమే.

ఒక విషయంలో ప్రధానోపాధ్యాయుల వారితో సవినయంగా విభేదిస్తున్నాను. పిల్లలు ముట్టకుండా డి.బి. తలుపుకు తాళం వేయించాలని వారి ఆలోచన. వారి భయం నాకు తెలుసును. డెబ్బై ఐదేండ్లుగా ఈ పిల్లలను కాచిన స్థానంలో ఉన్నారు. కాని ప్రమాదవేళ తాళంచెవి ఎక్కడ? వ్రాతబల్ల సొరుగులో, సొరుగు తాళంచెవి గుమాస్తా గారి వద్ద, గుమాస్తా గారు భోజనానికి. మీటరు పెట్టెకు తాళం వేయండి. లోపలి పలక స్క్రూలతో ఎలాగూ బిగించే ఉంటుంది. వెలుపలి తలుపుకు గడియ చాలు. పిల్లలకు దానిని దాచిపెట్టడంకంటె అదేమిటో చూపించి చెప్పడం మేలు.

పెట్టెను మెట్ల క్రింద పెట్టాలని మొదట అనుకొన్నారు. అక్కడ కాగితాల మూటలు, విరిగిన బల్లలు చేరతాయని, తలుపు సగమే తెరచుకొంటుందని చెప్పి, కార్యాలయం వెలుపలి వసారాలోకి మార్పించినాను. అక్కడ ఎడమ పక్కన స్తంభమున్నది, కనుక కీళ్ళు కుడి వైపున ఉండే పెట్టె కావాలని మేస్త్రీకి కాగితం మీద గీసి ఇచ్చినాను. ప్రతి నెలా మొదటి సోమవారం, విరామం గంట కొట్టగానే, విజ్ఞాన శాస్త్రం ఉపాధ్యాయుల సమక్షంలో తొమ్మిదవ తరగతి పిల్లలలో ఒకరు ఆ తలుపు తీసి పరీక్ష మీట నొక్కి, ఫ్యాన్లు ఆగినవో లేదో చూసి, మళ్ళీ మీట ఎత్తి, తేదీ వేసి సంతకం చేయాలని కోరుతున్నాను. ఆ పుస్తకాన్ని నేనే కొని తెచ్చినాను. సభ ముగియగానే కార్యాలయంలో అందజేస్తాను. మొదటి పుట ఖాళీగా ఉన్నది.